‘ఒక్క గదే మిగిలి ఉంది’ గారికి

గౌరవనీయులైన ‘ఒక్క గదే మిగిలి ఉంది’ గారికి,

భీమవరం నుంచి నమస్కారాలండీ. తమరి క్షేమం అడగడం లేదు. హోటల్ బుకింగ్ యాప్‌లో ఎర్రక్షరాల్లో ఉండేవాళ్ళు ఎప్పుడూ కులాసాగానే ఉంటారు, టెన్షనంతా చదివేవాళ్ళకే.

తమరు నన్ను గుర్తుపట్టకపోవచ్చు. మా బ్యాచ్‌లో రూములు చూసేవాణ్ణి నేను. ప్రతి బ్యాచ్‌కీ ఇలాంటివాడొకడు ఉంటాడు. బుక్ చేసేదాకా "నీ ఇష్టంరా, మంచం ఉంటే చాలు" అంటారు. చేశాక "ఇదేం కొంపరా, లిఫ్టు కూడా లేదు" అంటారు. రొయ్యల చెరువులు పట్టుబడి అయ్యి, చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజుల్లో మావాళ్ళ మనసు గోవా మీదికి పోతుంది. బీచ్ కోసం కాదు లెండి, సముద్రం మా పేరుపాలెంలోనూ ఉంది. పణజీ దగ్గర మాండోవి నదిలో లంగరేసి ఉన్న కేసినో పడవల కోసం. రెండు రాత్రులు చాలు మాకు. ఆ రెండు రాత్రులకి గది వెతకబోతేనే తమరు ఎదురయ్యారు.

ముందే ఒక మాట చెప్పుకుంటాను. మాకు కేసినోవాడి మీద కోపం లేదు. ఆ మాటకొస్తే వాడు పద్ధతైన మనిషి. రూలెట్ చక్రం చూడండి. 1 నుంచి 36 దాకా గడులు, ఒక సున్నా, మొత్తం 37. ఒక అంకె మీద పది రూపాయలు కాసి గెలిస్తే మన పదీ మనకిచ్చి, పైన 350 ఇస్తాడు. గడులు 37 కాబట్టి న్యాయంగా 360 ఇవ్వాలి. ఆ తేడా పదీ వాడిది. కాసిన ప్రతి వందలోనూ సగటున రెండు రూపాయల డెబ్బై పైసలు వాడి జేబులోకి పోతాయన్నమాట. అమెరికాలో సున్నాలు రెండుండే చక్రం ఎక్కువ, అక్కడ ఆ లెక్క 5.26. ఇందులో దాపరికం ఏమీ లేదు. బల్ల పక్కన నిలబడి గడులు లెక్కపెట్టుకోవడం వస్తే చాలు, ఎంత పోగొట్టుకోబోతున్నామో ముందే తెలిసిపోతుంది. తెలిసీ ఆడతాం, అది మా ఖర్మ.

తమరి దగ్గర ఏ బల్ల పక్కన నిలబడి లెక్కపెట్టుకోవాలో సెలవివ్వండి.

యాప్ తెరుస్తాను. ఒక హోటల్ వస్తుంది. 9,999 అని రాసి దానిమీద అడ్డంగా గీత. పక్కన లావుగా 5,499. ఆ గీత కింది రేటుకి ఆ గదిలో ఈ భూమ్మీద ఎవరైనా పడుకున్నారా అన్నది నాకు తీరని సందేహం. సరే, 5,499 కదా అని నొక్కితే చీమ తలకాయంత అక్షరాల్లో ‘పన్నులు, ఫీజులు అదనం’. ఇంకోసారి నొక్కితే పన్ను, దాని కింద సేవా రుసుము, దాని కింద ఎవరూ అడక్కుండానే టిక్కు పెట్టి ఉన్న ప్రయాణ బీమా, ఆ కింద పుణ్యానికని ఐదు రూపాయల విరాళం. బీమా టిక్కు తీసెయ్యాలంటే ‘నా ప్రయాణానికి రక్షణ అక్కర్లేదు, జరిగేదానికి నాదే బాధ్యత’ అన్న వాక్యం మీద వేలు పెట్టాలి. ఊరెళ్ళే ముందు మనిషి చేత ఇలాంటి మాట అనిపిస్తారాండీ? మా ఇంట్లో అయితే గుమ్మం దాటేటప్పుడు తుమ్మినా కాసేపు కూర్చోబెట్టి మంచినీళ్ళిస్తారు.

సరిగ్గా ఇవన్నీ కూడుకుంటూ ఉండగా తమరు దిగుతారు. ‘ఈ ధరకు ఒక్క గదే మిగిలి ఉంది!’ ఆ ఆశ్చర్యార్థకం చూస్తే గుండె లటుక్కుమంటుంది. తమరి వెనకే తమ్ముడుగారు. ‘ప్రస్తుతం 14 మంది ఈ హోటల్‌ను చూస్తున్నారు.’ తమ్ముడుగారికి నా తరఫున ఒక మాట చెప్పండి. ఆ పద్నాలుగు మందిలో సగం మావాళ్ళే. గ్రూపులో లింకు పెట్టింది నేనే.

తమరి గుట్టు నాకు తెలీదనుకోకండి. ‘ఒక్క గది’ అంటే ఆ హోటల్ మొత్తానికీ ఒక్కటని కాదు. ఆ రకం గదుల్లో, ఆ రేటుకి, ఆ యాప్‌కి హోటల్‌వాడు రాసిచ్చిన వాటాలో ఒకటి. మిగతావి ఇంకో యాప్‌లో ఉంటాయి, ట్రావెల్స్‌వాళ్ళ దగ్గర ఉంటాయి, అన్నిటికన్నా ముఖ్యంగా వాళ్ళ రిసెప్షన్‌లో ఉంటాయి. తమరు ఒకటే ఉందని గుండెలు బాదుకుంటున్న ఒక హోటల్‌కి ఆ క్షణానే ఫోన్ చేశాను. అవతలి కుర్రాడు ఆవలిస్తూ "ఎన్ని కావాలి సార్? రెండో ఫ్లోర్ అంతా ఖాళీయే" అన్నాడు. యాప్‌వాడికిచ్చే కమీషన్ మిగులుతుంది కాబట్టి పొద్దున టిఫిను కూడా అందులోనే కలిపేశాడు.

మా వైపు రొయ్యల రైతెవరూ తమరిని చూసి బెదరడండీ. పట్టుబడి రోజున తెల్లారగట్ల సరుకు వలలో ఉండగా గట్టు మీద నిలబడి "కిలోకి తూగే కౌంటు తేడాగా ఉందండీ, రేటు కూడా రాత్రే పడిపోయింది, తూకం వేయించమంటారా, బండి వెనక్కి పంపెయ్యమంటారా" అనే కొనుగోలుదారుని చూసినవాడు వాడు. అవతలివాడి తొందర ఎంతో కనిపెట్టి ఆ తొందర మీద రేటు కోసే విద్య అది. తమరిదీ అదే విద్య, కాకపోతే ఏసీలో.

రేట్ల సంగతి వచ్చింది కాబట్టి పన్ను కూడా మాట్లాడుకుందాం. 2025 సెప్టెంబరు 22 నుంచి రాత్రికి 7,500 దాకా ఉన్న గదికి జీఎస్టీ నూటికి 5, దాటితే 18. అంటే 7,500 గదికి పన్ను 375 రూపాయలు. 7,600 గదికి 1,368. గది వంద ఎక్కువైతే పన్ను 993 ఎక్కువ! ఈ గీత ఎక్కడుందో జనానికి ముందే చెప్తే ఎంత బాగుంటుంది. తమరు చెప్పరు. తమరి జాబితాలో పన్ను లేని ధర ప్రకారమే గదులు వరసగా ఉంటాయి, 7,600ది కూడా 7,500 పక్కనే చుట్టంలా కూర్చుంటుంది. అదే రోజు నుంచి కేసినో మీద జీఎస్టీ 40 అయింది. అదన్నా గేటు దగ్గరే, మనం చిల్లర చేతిలో పట్టుకుని ఉండగానే తెలుస్తుంది.

ఇక ‘సిటీ సెంటర్‌కి దగ్గర’. ఎవరి సిటీకి, ఏ సెంటర్‌కి? మావాళ్ళకి కావాల్సింది బజారూ కాదు, చర్చీ కాదు. పణజీ ఒడ్డున జెట్టీ. అక్కడ చిన్న పడవెక్కితే నది మధ్యలో ఉన్న కేసినో పడవ దగ్గర దింపుతారు. నర్సాపురం రేవులో పంటు పడవెక్కి సఖినేటిపల్లి పోయేవాళ్ళకి అదేం పెద్ద పని కాదు. పెద్ద పని తెల్లవారుజామున మూడింటికి, జేబులు తేలికయ్యాక, గదికి చేరడం. కలంగూట్ బీచ్ దగ్గర గది చవగ్గా వచ్చిందని తమరు మురిపిస్తారు. ఆ వేళప్పుడు పణజీ నుంచి కలంగూట్‌కి టాక్సీవాడు చెప్పే రేటు వింటే ఆ చవకంతా అక్కడే తేలిపోతుంది. హైదరాబాదులో నొక్కగానే వచ్చే ఓలా, ఉబర్‌లను గోవా టాక్సీవాళ్ళు ఊళ్ళోకి రానివ్వలేదు మరి. గోవాకి విమానాశ్రయాలు రెండు, దక్షిణాన వాస్కో దగ్గర దబోలిం ఒకటి, ఉత్తరాన మోపా ఒకటి. ఏది ఏ హోటల్‌కి దగ్గరో తమరి మ్యాపులో రెండూ ఒకేలా కనిపిస్తాయి. రైలు మేలనుకుంటే అమరావతి ఎక్స్‌ప్రెస్ ఉంది, రాజమండ్రిలో ఎక్కితే వాస్కోలో దింపుతుంది. ఎలా వెళ్ళినా పొద్దున్నే దిగితే మాత్రం తమరి చెక్ఇన్ మధ్యాహ్నం రెండింటికి. బ్యాగులు ముందేసుకుని లాబీ సోఫాల్లో గురక పెట్టే భాగ్యం మా బ్యాచ్‌ది.

అన్నట్టు, ‘నది కనిపించే గది’కి అదనం కట్టమంటారు. గోదారి ఒడ్డున పుట్టి పెరిగినవాళ్ళం అక్కడికెళ్ళి నది చూడ్డానికి డబ్బులు కడతాం చూశారూ, అక్కడ మాత్రం తమరి తప్పేం లేదు.

తమరి బంధువర్గం పెద్దదని విన్నాను. మావాళ్ళ పిల్లలు అమెరికాలో ఉంటారు కదా, అమ్మానాన్నలు వెళ్ళినప్పుడు నయాగరా అయ్యాక లాస్ వేగాస్ చూపిస్తారు. అక్కడ తమరి పెదనాన్నగారు ‘రిసార్ట్ ఫీజు’ ఉన్నారు. మొన్నమొన్నటిదాకా గది 60 డాలర్లనే చూపించేవారు. దాని మీద రాత్రికి 40, 50 డాలర్లు ఆయన వాటా. దేనికయ్యా అంటే వైఫై, జిమ్ము, లోకల్ ఫోన్ కాల్స్ అంటారు. చేతిలో సెల్లు పెట్టుకుని హోటల్ ఫోన్లోంచి లాస్ వేగాస్‌లో ఎవరికి ఫోన్ చెయ్యాలండీ మా పెద్దమ్మ? చుట్టాలందరూ డల్లాస్‌లో ఉన్నారు. కొన్నిచోట్ల ఫ్రిజ్‌లో సీసా కాస్త జరిపితే చాలు, తాగినా తాగకపోయినా బిల్లులో పడుతుంది. మా వైపు ఆడాళ్ళు ఏ ఫ్రిజ్ తెరిచినా సర్దకుండా ఊరుకోరు, ఆ ముక్క చెప్పి తీసుకెళ్ళండర్రా.

వేగాస్‌లో శుక్ర, శనివారం రాత్రులకి ఒక రేటు, మంగళ, బుధవారాలకి బాగా తక్కువ రేటు, జనవరిలో పెద్ద ఎలక్ట్రానిక్స్ ప్రదర్శన జరిగే వారంలో నోరు తెరవలేని రేటు. ఆ ఊళ్ళో ఒకప్పుడు గదీ తిండీ చవగ్గా పడేసేవారట, మనిషి కింది జూదం హాల్లో ఎటూ పోగొట్టుకుంటాడు కదా అని. ఇప్పటికీ బాగా పోగొట్టుకునేవాడికి గది ఉచితం. మిగతావాళ్ళ విషయంలో లెక్క తిరగబడింది. అక్కడి పెద్ద హోటళ్ళకి జూదం కన్నా గదుల మీద, తిండి మీద, షోల మీద వచ్చేదే ఎక్కువ, చాలా ఏళ్ళ నుంచీ. చక్రం ముందు కూర్చున్నప్పుడు జాగ్రత్తగా ఉండమని పెద్దలు చెప్తారు. ఆడే అసలు జూదం మాత్రం అంతకు ముందే, గది బుక్ చేసేటప్పుడు, ఇంట్లో మంచం మీద పడుకుని, బొటనవేలితో.

పెదనాన్నగారికి అక్కడ కొంచెం వాత పడింది. 2025 మే 12 నుంచి అమెరికాలో హోటళ్ళు మొత్తం ధర మొదటే చూపించాలని కేంద్ర వాణిజ్య కమిషన్ నిబంధన. ఫీజు తీసెయ్యమనలేదు, దాచొద్దంది. అంతకు ముందే 2019లో బ్రిటన్‌లో ఆరు పెద్ద బుకింగ్ సైట్లు, ఇలా కంగారుపెట్టి అమ్మడం మానతామని అక్కడి పోటీ సంస్థకి హామీ రాసిచ్చాయి. మన దేశంలోనూ తమరు ప్రభుత్వ పత్రాల్లోకి ఎక్కారు, అభినందనలు. 2023 నవంబరు 30న వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ పదమూడు రకాల మాయలు జాబితా వేసి నిషేధించింది. లేని తొందర పుట్టించడం అందులో ఉంది. చెప్పకుండా బుట్టలో సరుకు వెయ్యడం, వద్దన్నవాణ్ణి సిగ్గుపడేలా చెయ్యడం, ధరని చుక్కచుక్కగా బయటపెట్టడం, అన్నీ ఉన్నాయి. అంటే తమరు, తమరి బీమా టిక్కు, ఆ ఐదు రూపాయల పుణ్యం, సకుటుంబంగా. ఫిర్యాదు చెయ్యాలంటే 1915 నంబరుందని కూడా మా గ్రూపులో పెట్టాను. చూసినవాళ్ళు బొటనవేలు చూపించి ఊరుకున్నారు, అది వేరే సంగతి.

ఇంతా చెప్పి మా ఊరి గురించి చెప్పకపోతే పక్షపాతం అవుతుంది. సంక్రాంతికి మా భీమవరమే కేసినో సిటీ. కోడిపందేల్ని చట్టం ఒప్పుకోదు. ఏటా పోలీసులు హెచ్చరిస్తారు, ఏటా బరులు వెలుస్తాయి, పక్కనే గుండాట బల్లలు వెలుస్తాయి. హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి జనం దిగుతారు. లాడ్జీలు నెలల ముందే నిండిపోతాయి. రేటు కూడా మామూలు రోజుల మీద ఎన్ని రెట్లో చెప్తే మా ఊరికే నామర్దా. కానీ ఆ కౌంటర్ దగ్గర పద్ధతి చూడండి. పొడుగు నోటు పుస్తకం, చెవిలో పెన్ను, ఎదురుగా మేనేజరు గారు. "భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ కలిపే ఇస్తామండీ, విడిగా ఇవ్వం. ఇంతవుద్ది. ముందే కట్టాలి. ఏసీ పనిచేస్తుంది గానీ కరెంటు మా చేతిలో లేదు." ఒక్క గుక్కలో మొత్తం అయిపోతుంది. గీత కొట్టిన రేటు లేదు, టిక్కు లేదు. దోపిడీ అంటే ఒప్పుకుంటా, కానీ ఎంత దోచుకుంటాడో ముందు చెప్పి మరీ దోచుకుంటాడు. "ఒక్క గదీ లేదాండీ?" అని బతిమాలితే, "లేదండీ" అంటాడు. నిజంగానే ఉండదు. ఎమ్మెల్యే గారి తాలూకా అని ఫోన్ చేయించినా ఉండదు, ఎందుకంటే ఎమ్మెల్యే గారి తాలూకా వాళ్ళు ముందే దిగి ఉంటారు.

కాబట్టి వచ్చే భోగికి తమరు, తమ్ముడుగారు ఒకసారి మా ఊరు రావాలని కోరుతున్నాను. గది దొరకదు గానీ మా డాబా మీద నవారు మంచం వేయిస్తాం. మంచు ఎక్కువ, దుప్పటి తెచ్చుకోండి. అద్దె ప్రసక్తి లేదు, బొబ్బట్లు, పులావు మావే. ఇంకా ఎన్ని మంచాలున్నాయని అడిగితే మా ఆవిడ ఉన్నవున్నట్టు లెక్క చెప్పేస్తుంది, కంగారుపడకండి.

ఇట్లు,
తమరు పెట్టిన తొందర తట్టుకుని ఇంకా ఏ గదీ బుక్ చెయ్యని
భీమవరం వాసి