మెరుపు కార్డులు కాదు, ఆటగాళ్లు కావాలి
ఆటగాళ్ల ఫోటోలతో ప్యాకెట్లలో వచ్చే, సేకరించుకునే బేస్‌బాల్ కార్డుల్లో తక్కువ ధర సెట్ బాగుపడాలంటే ఆటోగ్రాఫ్ కార్డులు, మెరిసే కార్డులు పెంచాలన్న మాటను నేను ఒప్పుకోను. వాటి కోసం తిరిగేవాళ్లు ఎలాగూ ఖరీదైన ప్యాకెట్లే కొంటారు. చవక సెట్ కొనేది పిల్లలు, సెట్ మొత్తం పూర్తి చేయాలని చూసే మాలాంటివాళ్లు. 2002లో టాప్స్ కంపెనీ తెచ్చిన టాప్స్ టోటల్ అనే చవక సెట్‌లో 990 కార్డులు! స్టార్లకే కాదు, మొదటి పిచర్ (బంతి విసిరేవాడు) బదులు ఏడో ఇన్నింగ్స్‌లో దిగే రిలీఫ్ పిచర్లకూ, ఎక్కువగా బెంచ్ మీదే కూర్చునేవాళ్లకూ అందులో చోటు దొరికింది. మా అబ్బాయి మాత్రం వేరే చవక సెట్‌లో, తను స్టేడియంలో చూసిన ఒక బ్యాకప్ క్యాచర్ కార్డు కోసం ప్యాకెట్ మీద ప్యాకెట్ విప్పాడు. ఆ సెట్‌లో అతని కార్డే వేయలేదని తర్వాత తెలిసి ఎంత చిన్నబోయాడో. ముందు జట్టులో అందరికీ కార్డులు వేయండి, వెనకవైపు కెరీర్ మొత్తం అంకెలు ఇవ్వండి. ధర మాత్రం పెంచొద్దు.