మాస్టారొస్తే లేవాలి

జర్మనీలోని కార్ల్స్‌రూయెలో జర్మన్ నేర్చుకుంటున్నాను. నిన్న శనివారం, క్లాసు లేదు. రైలెక్కి బాడెన్-బాడెన్ వెళ్ళాను. రోమన్ల కాలం నుంచీ వేడినీటి బుగ్గలకు పేరున్న ఊరు, 2021లో యునెస్కో జాబితాకు కూడా ఎక్కింది. బుగ్గ నీళ్ళు తాగేందుకు కట్టిన ట్రింక్‌హాలే మంటపం స్తంభాలు చూశాను, క్యాసినో గుమ్మం దాకా వెళ్ళి జేబు తడుముకుని వెనక్కొచ్చాను. ఇక మిగిలింది ఫ్రీడ్రిష్‌స్‌బాడ్.

1877లో తెరిచిన స్నానశాల అది. మొత్తం 17 దశలు. 54 డిగ్రీల వేడి గది, తర్వాత 68 డిగ్రీల గది, బ్రష్షుతో ఒళ్ళు తోమడం, ఆవిరి, ఆపైన అంచెలంచెలుగా చల్లబడే కొలనులు. షరతు ఒక్కటే, ఒంటి మీద నూలుపోగు ఉండకూడదు. అందులోనూ ఆడా మగా కలిసి చేసే చోటు. పక్కనే కరకల్లా అని ఇంకో స్నానశాల ఉందనీ, అక్కడి కొలనుల్లో నిక్కరుతో దిగొచ్చనీ మా రూమ్మేటుకు తెలుసు. చెప్పలేదు. వాడి సంగతి ఇంటికొచ్చాక చూసుకున్నాను.

గుమ్మటం కింది కొలను దాకా గోడలు పట్టుకుని వచ్చాను. మెడ దాకా మునిగాక కాస్త మర్యాదస్తుడిలా అనిపించింది, నీళ్ళు మరీ తేటగా ఉన్నా సరే. అప్పుడు ఎదురుగా మెట్లు దిగుతూ మా జర్మన్ మాస్టారు. కళ్ళజోడు ఒక్కటే ఉంది.

మాది తెనాలి దగ్గర పల్లె. మాస్టారొస్తే లేచి నిలబడాలని ఒకటో తరగతిలో తొడపాశం పెట్టి మరీ నేర్పారు. ఆ విద్య బుర్రలో ఉండదు, మోకాళ్ళలో ఉంటుంది. పెళ్ళి పందిట్లో, సినిమా హాల్లో, కదిలే బస్సులో కూడా లేచిన మోకాళ్ళివి. బుర్ర "వద్దురా" అని కేకేసేలోపే పని కానిచ్చేశాయి. నీళ్ళు నడుం దిగి ఇంకా కిందికి జారాయి. అది చాలదన్నట్టు, అప్పటిదాకా వేరే డ్యూటీలో ఉన్న రెండు చేతులూ ఆ డ్యూటీ వదిలేసి పైకొచ్చి నమస్కారం పెట్టాయి.

అలాంటి చోట జర్మన్లు ఎవరి వంకా చూడరంటారు. చూశారు.

మాస్టారికి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. "గుటెన్ టాగ్, హెర్ రావు" అంటూ వచ్చి పక్కనే దిగారు. ఎలా వచ్చారని జర్మన్‌లో అడిగారు. రైల్లో అన్నాను. పూర్తి వాక్యం కావాలన్నారు. బట్టల్లేని మనిషిని పూర్తి వాక్యం అడిగే హక్కు ఏ రాజ్యాంగం ఇచ్చిందో! రైల్లో అనడానికి "మిట్ డెర్ త్సుగ్" అని మొదలెట్టాను. "డెమ్" అన్నారు, చూపుడు వేలు నీళ్ళలోంచి పైకి లేపి. రైలు వీళ్ళకి మగది, ఆడదైతేనే "డెర్". మళ్ళీ చెప్పాను. ఈసారి క్రియ మధ్యలో వచ్చిందట, చివరికి పంపమన్నారు. పంపుతుంటే అవతలి గట్టు నుంచి ఓ ముసలావిడ "ష్ష్" అంది. అక్కడ గట్టిగా మాట్లాడకూడదు. కసిరింది నన్నే, ఆయన్ని కాదు.

తప్పించుకుందామని 18 డిగ్రీల చన్నీళ్ళ తొట్టిలో దూకితే అక్కడికీ వచ్చారు. రేపటికి హోంవర్క్ ఇచ్చి వెళ్ళారు: "నా వారాంతం" మీద వ్యాసం. ఎనభై పదాలకు తగ్గకూడదట, క్లాసులో నిలబడి పైకి చదవాలట.