మొండి బకాయిదారు మున్సిపాలిటీయే

మార్చి వచ్చేసరికి పన్ను వసూలు సిబ్బందికి ఎక్కడ లేని చురుకు పుట్టుకొస్తుంది. బకాయి ఉన్న ఇంటికి రెడ్ నోటీసు వస్తుంది, దుకాణానికి తాళం పడుతుంది, అప్పటికీ దారికి రాకపోతే కుళాయి కనెక్షన్ పోతుంది. ఆదివారాలు కూడా కౌంటర్లు తెరిచి ఉంచుతారు. పన్ను కట్టాల్సిందే. ఎగ్గొట్టేవారిని వెనకేసుకొచ్చే పని ఈ పత్రిక పెట్టుకోదు. కానీ నోటీసు ఇచ్చే ఆ కార్యాలయమే పరాయి సొమ్మును ఏళ్ల తరబడి తన ఖాతాలో అట్టేపెట్టుకుంటే దాన్ని ఏమనాలి? రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎన్నో పట్టణాల్లో, పల్లెల్లో అసలు మొండి బకాయిదారు మున్సిపాలిటీయే, పంచాయతీయే. బాకీ పడింది గ్రంథాలయానికి.

ఇంటి పన్ను రసీదు తీసి చూడండి. డ్రైనేజీ, వీధి దీపాల గడుల పక్కనే లైబ్రరీ సెస్ అని మరో గడి ఉంటుంది. మద్రాసు ప్రాంతపు 1948 చట్టాన్ని, హైదరాబాద్ రాష్ట్రపు 1955 చట్టాన్ని కలిపి చేసిన 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్ను రూపాయికి 8 పైసలు అదనంగా వసూలు చేస్తారు. వెయ్యి రూపాయల పన్నుకు 80 రూపాయలు. పల్లెలో పెంకుటింటికి 600 పన్ను కట్టే రైతు కూలీ కూడా 48 రూపాయలు గ్రంథాలయం పేరు మీద కడుతున్నాడు. ఆయన ఊళ్లో గ్రంథాలయం ఉందా లేదా అని ఆ రసీదు అడగదు.

ఆ 8 పైసలు మున్సిపాలిటీ ఆదాయం కాదు, జిల్లా గ్రంథాలయ సంస్థ సొమ్ము. దాన్ని విధించేది సంస్థ, వసూలు చేసిపెట్టేది స్థానిక సంస్థ. బస్సు కండక్టరు టికెట్ డబ్బులు తెచ్చి డిపోలో కట్టినట్టు, బిల్ కలెక్టరు తెచ్చిన సెస్సు సంస్థ ఖాతాకు చేరాలి. కండక్టరు ఆ డబ్బుతో ఇంటి అద్దె కట్టుకుంటే మర్నాడే సస్పెండ్ చేస్తారు. ఇక్కడ అదే పని ఏళ్లుగా సాగుతున్నా అడిగే దిక్కు లేదు.

సొమ్ము ఎక్కడ తప్పిపోతోందో ఆ కార్యాలయాల్లో పనిచేసే ప్రతి ఒక్కరికీ తెలుసు. వంద రూపాయల పన్ను, 8 రూపాయల సెస్సు కలిపి 108 రూపాయలు ఒకే మొత్తంగా వస్తాయి. రసీదు మీద పద్దులు వేరు, బ్యాంకు ఖాతా మాత్రం ఒక్కటే. నెలాఖరుకు పారిశుధ్య కార్మికుల వేతనాలు, వీధి దీపాల కరెంటు బిల్లు, ట్రాక్టర్ల డీజిల్ వచ్చిపడతాయి. జనరల్ ఫండ్‌లో ఎంత నిల్వ ఉంటే అంతా వాటికి పోతుంది. అందులో గ్రంథాలయం వాటా ఎంతో విడదీసి పక్కన పెట్టే వాడు ఉండడు. ఇక సంస్థ సంగతి మరీ దయనీయం. తనకు ఎంత రావాలో దానికే సరిగ్గా తెలియదు. డిమాండు, వసూలు, నిల్వ చూపించే డీసీబీ రిజిస్టరు మున్సిపాలిటీ దగ్గరే ఉంటుంది. వాళ్లు వసూలైందన్నదే లెక్క. కార్యదర్శి ఉత్తరాలు రాస్తాడు, గుమస్తా వెళ్లి కమిషనర్ గది బయట కూర్చుంటాడు, ఏడాదికోసారి ఎంతో కొంత చెక్కు చేతిలో పడుతుంది. మిగిలింది ఆడిట్ అభ్యంతరంగా కాగితం మీదికి ఎక్కి, ఏటా అక్కడే నిలబడి ఉంటుంది.

ఇప్పుడు వడ్డీ సంగతి. పట్టణంలో ఆస్తి పన్ను గడువు దాటితే పౌరుడి మీద నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది. అంటే ఏడాదికి 24 శాతం. పౌరుడి 80 రూపాయల సెస్సుతో సహా మొత్తం పన్నును వడ్డీతో గుంజుకునే కార్యాలయం, ఆ 80ని తన దగ్గర మూడేళ్లు, అయిదేళ్లు ఉంచుకుని సంస్థకు ఎంత వడ్డీ కడుతోంది? గ్రంథాలయ సంస్థకు వడ్డీ కట్టిన మున్సిపాలిటీ ఉన్నట్టు మేం వినలేదు. మనకో న్యాయం, వాళ్లకో న్యాయమా? పేదవాడి కుళాయి తీసేసే చేతికి తన బాకీ తీర్చాలన్న స్పృహ లేకపోవడమే ఈ వ్యవహారంలో అన్నిటికన్నా రోత పుట్టించే విషయం.

మున్సిపాలిటీలకూ చెప్పుకోవడానికి ఓ మాట ఉంది. ఆదాయం చాలడం లేదు, చెత్త ఎత్తకపోతే ఊరు కంపుకొడుతుంది, పుస్తకాలు నాలుగు రోజులు ఆగితే కొంపలేం మునగవు అంటారు. ఫోన్లు వచ్చాక గ్రంథాలయానికి వెళ్లేదెవరని కూడా అంటారు. మొదటిది నిజమే అయినా, నిధులు లేకపోతే ప్రభుత్వాన్ని నిలదీయాలి గానీ అప్పజెప్పిన సొమ్ము మీద చెయ్యి వేయకూడదు. ఆంధ్రప్రదేశ్‌లో ఆర్థిక సంఘం నిధులను పంచాయతీలతో చెప్పకుండా కరెంటు బకాయిలకు జమ కట్టుకున్నారని సర్పంచులు రోడ్డెక్కితే జనం వాళ్ల పక్షాన నిలిచారు. తమ ఖాతాలోంచి ఒకరు సొమ్ము తీసుకుంటే ఎంత మంట పుడుతుందో తెలిసినవారే గ్రంథాలయం వాటా దగ్గర అదే పని ఎలా చేయగలుగుతున్నారు?

రెండో మాటకు జవాబు కావాలంటే ఉదయం 8 గంటలకు ఏదైనా శాఖా గ్రంథాలయం గేటు దగ్గర నిలబడాలి. తలుపు తీయకముందే చెప్పులు వరుసగా కనిపిస్తాయి. డీఎస్సీకి, గ్రూప్స్‌కి, కానిస్టేబుల్ ఉద్యోగాలకు చదివే పిల్లలు ఫ్యాను కింద చోటు కోసం ముందే వస్తారు. హైదరాబాద్ చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం ముందు ఏ నోటిఫికేషన్ కాలంలోనైనా చూడొచ్చు, లోపల కుర్చీ దొరకనివాళ్లు చెట్టు కింద చదువుకుంటారు. వీళ్లందరి జేబుల్లోనూ ఫోన్లున్నాయి. వాళ్లకు కావాల్సింది నిశ్శబ్దం, బల్ల, వెలుతురు, తెలుగు అకాడమీ పుస్తకాల సెట్టు, నాలుగు దినపత్రికలు. సెట్టు మొత్తం సొంతంగా కొనాలంటే వేలల్లో అవుతుంది. కోచింగ్‌కు పోలేని ఇంటి ఆడపిల్లకు, ఊరు దాటి హాస్టల్లో ఉండలేని పిల్లవాడికి సర్కారు ఇచ్చే చదువుల చోటు బడి తరవాత అదొక్కటే.

లోపల బీరువాలు చూస్తే మనసు చివుక్కుమంటుంది. తెలంగాణలో జిల్లాలు 33 అయ్యి ఏళ్లు గడిచినా గోడకు 10 జిల్లాల పటం వేలాడే గదులున్నాయి. పోటీ పరీక్షల పుస్తకం తీస్తే పాత ఎడిషన్, అందులోనూ ముఖ్యమైన అధ్యాయం ఎవరో చింపుకుపోయి ఉంటారు. బిల్లు నెలల తరబడి అందక పేపరు ఏజెంటు పత్రికలు ఆపేస్తాడు. అద్దె భవనమైతే యజమాని ఖాళీ చేయమంటాడు. ఖాళీలు నింపకపోవడంతో ఒకే గ్రంథపాలకుడికి రెండు మూడు ఊళ్ల బాధ్యత పడుతుంది. ఉదయం 8 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 7 తెరవాల్సిన తలుపు రోజు విడిచి రోజు తెరుచుకుంటుంది. నియామకాలు ప్రభుత్వం చేయాల్సిన పని, ఆ తప్పు ప్రభుత్వానిదే. పుస్తకాలకు, పత్రికలకు, అద్దెకు, కుర్చీలకు మాత్రం ప్రధాన ఆధారం సెస్సే.

సెస్సు సక్రమంగా వస్తే ఏమవుతుందో లెక్క వేసి చూద్దాం. ఏడాదికి 5 కోట్ల ఆస్తి పన్ను వసూలయ్యే ఒక మధ్యరకం పట్టణం అనుకుందాం. సెస్సు 40 లక్షలు. అందులో సగమే పుస్తకాలకు వెచ్చించినా, పుస్తకం సగటున 300 వేసుకుంటే ఒక్క ఏడాదిలో 6,600 పైచిలుకు కొత్త పుస్తకాలు. పల్లె గ్రంథాలయానికి పత్రికల బిల్లు నెలకు 1,500 అనుకున్నా ఏడాదికి 18 వేలు. మిగిలిన 20 లక్షల్లో వంద ఊళ్లకు పత్రికలు తెప్పించినా ఇంకా డబ్బు మిగులుతుంది. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 2021 నుంచి మూలధన విలువ మీద పన్ను లెక్కగట్టి ఏటా 15 శాతం వరకు పెంచుకుంటూ వచ్చారు. పన్నుతో పాటు సెస్సూ పెరిగింది, జనం కట్టారు. ఆ పెరిగిన పైకం బీరువాల్లో ఎక్కడుంది?

కేరళలో ఈ సెస్సు 5 శాతమే, కర్ణాటకలో 6. మనం రూపాయికి 8 పైసలు కడుతున్నాం. లోటు జనం దగ్గర లేదు.

దీన్ని సరిచేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు. పన్ను ఇప్పుడు ఆన్‌లైన్‌లోనూ వస్తోంది. చెల్లింపు గేట్‌వే దగ్గరే ప్రతి 108 రూపాయల్లో 100 మున్సిపాలిటీ ఖాతాకు, 8 సంస్థ ఖాతాకు విడిపోయేలా అమర్చాలి. పౌరుడు బకాయిలో కొంతే కడితే అదే నిష్పత్తిలో విడగొట్టాలి, లేకపోతే మొదట పన్నుకు జమ వేసుకుని సెస్సును చివరికి నెట్టేస్తారు. కౌంటర్లో నగదు వచ్చిన రోజు సాయంత్రం రెండు చలానాలు రాయాలి. నెల నెలా డీసీబీలో సెస్సు పద్దును విడిగా సంస్థకు పంపి, ఒక ప్రతిని గ్రంథాలయం నోటీసు బోర్డు మీద అంటించాలి. పాత బకాయిలకు మూడేళ్ల వాయిదాలు పెట్టి, వాయిదా తప్పితే రిజిస్ట్రేషన్ల మీద వచ్చే బదిలీ సుంకం వాటాలోంచి ప్రభుత్వమే మినహాయించుకోవాలి. ఆలస్యానికి పౌరుడి మీద వేసే ఆ 2 శాతమే స్థానిక సంస్థ మీదా వేయాలి. సంస్థలు కూడా రాజకీయ పదవుల పంపకానికి కాక పాఠకులకు కావలసిన పుస్తకాలు ఎంచడానికి పనికిరావాలి. ఎవరూ తీయని పుస్తకాలు కట్టలుగా వచ్చిపడి మూలల్లో చెద పట్టడం కూడా చూస్తూనే ఉన్నాం.

దీన్ని చూసీచూడనట్టు వదిలేస్తే చేటు గ్రంథాలయాలతోనే ఆగదు. ఫలానా పనికి అని పేరు పెట్టి వసూలు చేసిన సొమ్మును ఏ పనికైనా వాడుకోవచ్చన్న అలవాటు స్థిరపడిపోతుంది. ఇల్లు కట్టుకునేవాళ్ల దగ్గర భవన నిర్మాణ కార్మికుల సంక్షేమానికని 1 శాతం సెస్సు వసూలు చేసేదీ ఇదే కార్యాలయం. గ్రంథాలయం సొమ్ము తిరిగివ్వనివాడు కూలీ సొమ్ము సమయానికి చేరుస్తాడని నమ్మమంటే ఎలా?

ఇది గ్రంథాలయ ఉద్యమం పుట్టిన గడ్డ. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం జనం చందాలతో లేచాయి. అయ్యంకి వెంకట రమణయ్య వంటివారు 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టి ఊరూరా తిరిగారు. 1935లో పెదవడ్లపూడి నుంచి కాలువ వెంట పడవలో పుస్తకాలు రేవు రేవుకీ వెళ్లాయి. సెస్సు లేని రోజుల్లో వాళ్లు అంత చేశారు. సెస్సు కట్టి కూడా మన పిల్లలు చింపిన పేజీలే చదువుతున్నారు. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలకు వేదికలెక్కి ఆ మహనీయుల పటాలకు దండలు వేసే మేయర్లు, ఛైర్మన్లు, కమిషనర్లు ఆ రోజు తమ కార్యాలయం బాకీ ఎంతో ఎప్పుడైనా చెప్పారా?

ఈ నెల 31లోగా ప్రతి మున్సిపాలిటీ, ప్రతి పంచాయతీ ఈ ఏడాది వసూలు చేసిన సెస్సు ఎంత, జమ చేసింది ఎంత, పాత బాకీ ఎంత అనేది ప్రకటించాలి. సకాలంలో కడుతున్నవి లేకపోలేదు, వాటికి ఈ మాటలు వర్తించవు. మిగతావాళ్లు ముందు తమ గోడ మీద తమ పేరే పెద్ద బకాయిదారుల జాబితాలో మొదట రాసుకుని, ఆ తరవాతే జనం ఇళ్లకు రెడ్ నోటీసు పట్టుకుని రావాలి. అదీ చేతకాకపోతే వచ్చే ఏడాది డిమాండు నోటీసులోంచి లైబ్రరీ సెస్ గడి తీసేయండి. గ్రంథాలయం పేరు చెప్పి జనం దగ్గర డబ్బు తీసుకునే హక్కు మీకు లేదు.