టైరు వేడెక్కేదాకా ఆగండి

మా మేనల్లుడు ఓడిపోడు. ఈ సంగతి ముందే చెప్పేస్తే మంచిది. మూడేళ్లుగా కంప్యూటర్లో అసెట్టో కోర్సా అనే కార్ల రేసు గేము ఆడుతున్నాడు. మోంజా ట్రాక్ మొదటి మలుపులోనే రోజుకి పదిసార్లు కారుని బయటికి తోలేస్తాడు. అయినా ఓడిపోడు. ఓడిపోయేవి టైర్లు.

“ఏట్రా, మళ్లీ పోయిందా?”

“నాదేటి తప్పు మావయ్యా? టైర్లింకా చల్లగున్నాయి.”

ట్రాక్ చుట్టూ నాలుగు చుట్లు, అదే నాలుగు ల్యాపులయ్యాక అదే మలుపు, అదే గతి.

“ఇప్పుడేటి?”

“కాగిపోనాయి మావయ్యా.”

చల్లగా ఉండటానికీ కాగిపోవడానికీ మధ్య ఎక్కడో మావాడు ప్రపంచ ఛాంపియన్. ఆ ఘడియ ఎప్పుడొచ్చి ఎప్పుడు పోతుందో ఇంట్లో ఎవరమూ చూడలేదు.

నవ్వకండి, దీని వెనక శాస్త్రం ఉంది. అరిసెలు వండే ఇంట పుట్టినవాళ్లకి ఇట్టే అర్థమవుతుంది. పాకం లేతదైతే అరిసె నూనెలో విడిపోతుంది, ముదిరితే రాయి. రేసు టైరు రబ్బరూ అంతే. చల్లగా ఉంటే బిగుసుకుపోయి రోడ్డుని పట్టదు, మరీ కాగితే జారుడు మొదలు. స్లిక్ అనే నున్నటి రేసు టైర్లలో చాలావాటికి ఆ పాకం సుమారు 80 నుంచి 100 డిగ్రీల మధ్య కుదురుతుంది. అందుకే ఫార్ములా వన్‌లో టైర్లకి కరెంటు దుప్పట్లు కప్పి పసిపిల్లల్లా చూసుకుంటారు. వేడితో లోపలి గాలి ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి, ఆ పెరిగేది లెక్కేసుకుని ముందే కాస్త తక్కువ కొడతారు. గేములో టైరు లోపలి అంచు, నడుమ, బయటి అంచు వేడి విడివిడిగా లెక్కకొస్తుంది. మొన్న మా అక్కకి జ్వరమొస్తే ఇంట్లో ఒక్క థర్మామీటరు దొరకలేదు.

ఇంకో మాట. టైరు పట్టుని లెక్కగట్టడానికి హాన్స్ పచెయ్కా అనే డచ్ ప్రొఫెసరు కూర్చిన సూత్రం పేరే ‘మ్యాజిక్ ఫార్ములా’. ఎందుకలా జరుగుతుందో వివరించకుండా, కొలిచిన అంకెలకి అతికేలా తయారుచేసిన లెక్క అది. శాస్త్రమే మాయ అని ఒప్పుకున్నాక మావాణ్ని ఏమని తిట్టను?

అందుకని నేనూ ఆ మతంలో కలిసిపోయాను. ఒక సంతకం కోసం మొన్న ఓ ఆఫీసుకి వెళ్లాను. పదకొండు దాటినా సారు సీట్లో లేరు. పాపం, ఇంకా టైర్లు వేడెక్కించే వార్మప్ ల్యాపులో ఉన్నారనుకున్నాను. భోజనాలయ్యాక వెళ్తే కసిరారు. కాగిపోనారు. తప్పు నాదే, పాకం కుదిరే వేళ చూసుకోలేకపోయాను.

పోయిన ఆదివారం అరసవల్లి దర్శనానికి వాడి బండెక్కాను. చినుకులు పడుతున్నాయి. వెనక టైరు చూస్తే గీత లేదు, గాడి లేదు, గుండు.

“మార్చొద్దేట్రా?”

“స్లిక్ అంటే అదే కదా మావయ్యా!”

స్లిక్‌కి గాడులుండవు, నిజమే. నీటిని పక్కకి తోసే గాడుల్లేకే వానొస్తే రేసుల్లో దాన్ని విప్పేస్తారన్నది మాత్రం వాడు చెప్పలేదు. పైగా టైరు వేడెక్కాలని రేసు ముందు కార్లు తిప్పినట్టు బండిని అటూ ఇటూ వంకర్లు తిప్పాడు. దారిన పోయే ముసలాయన “పొద్దున్నే తాగేశారేటి!” అని చీదరించుకున్నాడు.

ఏడు రోడ్ల కూడలి దగ్గర పడ్డాం. నా మోకాలు దోక్కుపోయింది. మావాడు లేచి నావైపు చూడలేదు. వంగి వెనక టైరు మీద అరచెయ్యి ఆనించాడు.

“చూసావా మావయ్యా,” అన్నాడు తృప్తిగా, “చల్లగుంది.”