సాదా పేజీ ఫోనులో చదవలేమన్న మాట తప్పు

"సాదా హెచ్‌టీఎమ్ఎల్ పేజీల కాలం చెల్లింది. ఫోనులో వాటిని చదవలేం. యాప్ చేయించుకోవడం తప్ప దారి లేదు." నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట వైపు రొయ్యల రైతుల వాట్సాప్ గ్రూపుల్లో ఈ సందేశం చేతులు మారుతూనే ఉంది. హెచ్‌టీఎమ్ఎల్ అంటే వెబ్ పేజీలు రాసే భాష. రోజూ రొయ్యల ధరలను అలాంటి సాదా పేజీలోనే పెడుతున్నవాణ్ణి కాబట్టి అందులోని ఒక్కో మాటకూ జవాబు చెప్పాలి.

"అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి" అన్నారు. కనిపిస్తాయి, నిజమే. అయితే ఆ తప్పు పేజీ సాదాతనానిది కాదు. 2007లో ఐఫోన్ వచ్చేనాటికి చాలా పేజీలు కంప్యూటర్ తెర కొలతకు కట్టినవి. అందుకని సఫారీ బ్రౌజర్ పేజీని 980 పిక్సెళ్ల (తెర మీది చుక్కల) వెడల్పున పరిచి, మొత్తాన్ని చిన్న తెరలోకి కుదించేది. తర్వాత వచ్చిన ఫోను బ్రౌజర్లూ దాదాపు ఇదే పద్ధతి పట్టాయి. 360 పిక్సెళ్ల వెడల్పున్న ఫోనులో ఆ లెక్కన 16 పిక్సెళ్ల అక్షరం 6 దగ్గరికి పడిపోతుంది. దీనికి విరుగుడు వ్యూపోర్ట్ అనే మెటా ట్యాగు. "ఈ పేజీ వెడల్పు ఫోను వెడల్పే" అని బ్రౌజర్‌కు చెప్పే ఒకే ఒక్క వరుస. దాన్ని పేజీ కోడ్ మొదట్లో ఉండే హెడ్ భాగంలో చేర్చగానే అక్షరాలు అసలు పరిమాణానికి వస్తాయి, పేరాలు తెర అంచు దగ్గర వాటంతట అవే మళ్లుతాయి.

"తెలుగు వత్తులు కింది వరుస మీద పడతాయి" అన్నారు. అలంకరణ లేని పేజీలో వరుసల ఎడాన్ని ఫాంటే చూసుకుంటుంది. ఇంగ్లీషు పేజీకి రాసిన 1.2 కొలత (వరుస ఎత్తు అక్షర పరిమాణానికి 1.2 రెట్లు) తెచ్చి తెలుగుకు తగిలించినప్పుడే ఈ బాధ. "రాష్ట్రం"లో ష కింద ట వత్తు, దానితో పాటు ర వత్తు దిగుతాయి. సరిగ్గా వాటి కింద "కిలో" వస్తే గుడికి తగులుతాయి. 1.6 పెట్టండి, సరిపోతుంది.

"ధరల పట్టిక తెరలో పట్టదు." ఈ ఒక్క మాటలో కొంత నిజముంది. కౌంటు అంటే కిలోకు తూగే రొయ్యల సంఖ్య. మొదట్లో నేను 30 కౌంటు నుంచి 100 కౌంటు దాకా అన్నింటినీ అడ్డంగా పరిచాను. రొయ్యల గుంట గట్టు మీద, ఎండలో, తడి చేత్తో మా నాన్న తెరను పక్కకు జరిపేవారు. కిందికి వచ్చేసరికి పైనున్న కౌంటు అంకెలు కనుమరుగయ్యేవి. "ఈ ధర ఏ కౌంటుదిరా?" అని ఫోను చేసి అడిగేవారు. చివరికి పట్టికను తిప్పేశాను. కౌంట్లు నిలువుగా ఒకదాని కింద ఒకటి, ఎదురుగా నేటి ధర, పక్కన నిన్నటి ధర. మూడే నిలువు వరుసలు. ఇప్పుడు ఏ ధర ఏ కౌంటుదో ఆ వరుసలోనే ఉంటుంది. నాన్న అడగడం మానేశారు. పట్టిక వెడల్పుగా ఉండక తప్పకపోతే, పేజీ కదలకుండా పట్టిక ఒక్కటే పక్కకు జరిగేలా దాన్ని ఒక పెట్టెలో పెట్టవచ్చు.

రెండు వేళ్లతో పెద్దది చేసుకునే వీలును ఆపేస్తే పేజీ చక్కగా ఉంటుందన్న సలహా కూడా ఆ సందేశంలో ఉంది. దయచేసి ఆ పని చేయకండి. చత్వారం వచ్చినవారికి ఉన్న ఆధారమే అది.

ఇక యాప్. దింపుకోవాలి, ఫోనులో చోటు చూసుకోవాలి, మార్పులు వచ్చినప్పుడల్లా మళ్లీ దింపుకోవాలి. అక్షరాలను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షర సంకేతం ఒక్కోటి 3 బైట్లు. రెండు వేల సంకేతాలున్న ధరల పేజీ ట్యాగులతో కలిపినా పది కిలోబైట్లలోపే. సిగ్నల్ ఒక్క గీతే ఉన్న గట్టు మీద కూడా అది తెరుచుకుంటుంది.