కామాతురాణాం న భయం న లజ్జ

మనిషికి విలువలుండాలని మా తాతగారు చెప్పేవారు. కంప్యూటర్లో సమాచారాన్ని గళ్లుగళ్లుగా దాచే డేటాబేసులు చదువుకున్నాక తెలిసింది, ఉండాల్సింది విలువలు కాదు, విలువ. గడికి ఒక్కటే.

ఈ కట్టుబాటు పెట్టినాయన పేరు ఎడ్గార్ కాడ్. ఇంగ్లండులో పుట్టి, రెండో ప్రపంచయుద్ధంలో విమానాలు నడిపి, తర్వాత అమెరికా వెళ్లి ఐబీఎంలో చేరాడు. సమాచారమంతా టేబుళ్లుగా పెట్టుకోవచ్చనీ, ఒక్కో గడిలో ఇంక విడగొట్టడానికి వీల్లేని ఒక్క విలువే ఉండాలనీ 1970లో ఒక వ్యాసం రాశాడు. 1981లో ఆయనకి కంప్యూటర్ శాస్త్రంలో అన్నిటికంటే పెద్దదనిపించుకున్న ట్యూరింగ్ అవార్డు ఇచ్చారు. ఇవ్వరా మరి? అంతరపంట వేసిన రైతుతో ఆయనకి పని పడి ఉండదు.

నాకు పడింది.

కొన్నేళ్ల కిందట రాయలసీమలో ఒక కార్యాలయానికి పంటల వివరాలు ఎక్కించుకునే ఫారం తయారుచేసి ఇచ్చాను. ఆ కార్యాలయం పేరు చెప్పను, నా పేరు వాళ్లూ చెప్పుకోవడం లేదు. రైతు పేరు, సర్వే నంబరు, ఎకరాలు, పంట. పంట దగ్గర, నొక్కితే జాబితా తెరుచుకుని ఒక్కటే ఎంచుకోనిచ్చే చక్కటి డ్రాప్‌డౌన్. కాడ్ గారు చూస్తే భుజం తట్టేంత శుభ్రంగా ఉంది. శుక్రవారం సాయంత్రం, నేను బస్సుకి బయల్దేరుతుండగా ఆఫీసరుగారు ఫోన్ చేశారు.

"ఏమయ్యా, వేరుశనగలో కంది వేస్తే ఏది నొక్కాల?"

ఆ నేలల్లో ఏడు సాళ్లు వేరుశనగకి ఒక సాలు కంది వెయ్యడం మామూలే. వాన ముఖం చాటేసి వేరుశనగ పోయినా, వేరు లోతుగా దిగే కంది ఎంతో కొంత నిలబడుతుందని ఆశ. రైతుకి అది ధీమా, నాకు మాత్రం బగ్.

"ఏది ఎక్కువుంటే అది నొక్కించండి సార్" అన్నాను.

"మరి కంది ఎంతమంది వేశారని పైనుంచి అడిగితే?"

"ఎవరూ వెయ్యలేదని చెప్పండి."

తర్వాత ఆయన అన్న మాటలు పత్రికల్లో రాయదగ్గవి కావు.

సరే, డ్రాప్‌డౌన్ తీసేసి, ఒకటికి మించి ఎంచుకోగల జాబితా పెట్టాను. దాన్ని వాడే పద్ధతి చాలా సులువు. కంట్రోల్ మీట నొక్కి పట్టుకుని ఒక్కో పంట మీదా క్లిక్ చెయ్యాలి. ఈ సంగతి స్క్రీన్ మీద ఎక్కడా రాసి ఉండదు, ఎవరైనా గురువు చెవిలో ఊదాలి. అయిదు పంటలు ఎంచుకున్నాక, ఆరోదాని దగ్గర కంట్రోల్ మీద వేలు జారిందా, మొదటి అయిదూ మాయం. అక్కడి డేటా ఎంట్రీ కుర్రాడు ఎడమచేత్తో మీటా, కుడిచేత్తో మౌసూ పట్టుకుని, రైతు పాసుపుస్తకాన్ని గడ్డం కింద నొక్కిపెట్టి పనిచేసేవాడు. యోగాలో ఇలాంటి ఆసనం లేకపోవడం యోగాకే లోటు.

పైగా నేను రాసింది ప్రోగ్రామింగ్ భాషల్లో ఒకటైన పీహెచ్‌పీలో. అందులో ఇలాంటి గడి పేరు చివర చదరపు బ్రాకెట్లు పెట్టకపోతే, ఎన్ని ఎంచుకున్నా చివరిదొక్కటే దక్కుతుంది. నేను పెట్టలేదు. ఆ వారం వచ్చిన రైతులందరి ఆస్తీ కడగొట్టువాడికి రాసిచ్చినట్టయింది. జాబితా అక్షరక్రమంలో ఉంది కాబట్టి ప్రతిసారీ కంది ఓడిపోయి వేరుశనగ నెగ్గింది. 'క'తో మొదలయ్యే పంటలు వేసుకోవడం రైతుల తప్పే అనిపించింది కానీ, ఆ మాట ఫోన్లో అనలేదు.

తర్వాత పంట1, పంట2, పంట3 అని మూడు కాలమ్‌లు పెట్టి చూశాను. ఇది మన జనగణన నడిచిన బాటే. 2011లో మాతృభాష ఒకటి, వచ్చిన ఇతర భాషలు రెండు వరకు రాసుకున్నారు. నాలుగోది వచ్చినవాడు దాన్ని ఇంట్లో మాట్లాడుకోవచ్చు. దేశానికి సరిపోయిన న్యాయం మండలానికి సరిపోదా అనుకున్నాను. చేనులో నవధాన్యాలు చల్లిన పెద్దాయన వచ్చేదాకా సరిపోయింది.

ఆ రాత్రి నాకు కామా సాక్షాత్కరించింది.

ఫారంలో పంటలన్నిటికీ చెక్‌బాక్సులు పెట్టాను. ఎన్ని కావాలంటే అన్నిటికి టిక్కు పెట్టుకోండి. లోపల మాత్రం అన్నిటినీ కామాలతో కుట్టేసి, 'వేరుశనగ,కంది,అలసంద' అని ఒకే గడిలో పడేశాను. కాడ్ గారి మాట నేను మీరానా? మీరలేదు. ఆయన గడికి ఒకటే ఉండాలన్నాడు. నా గడిలో ఉన్నదీ ఒకటే, మూట. మూటలో ఏముందని అడగడం సంస్కారం కాదు. కామాతురాణాం న భయం న లజ్జ అని పెద్దలు ఊరికే అనలేదు. ఆ కామం వేరని సంస్కృతం మాస్టార్లు అంటారు. వాళ్లెప్పుడైనా సోమవారం పొద్దున్నకి ఫారం అప్పగించారా?

మహామహులు మాత్రం ఈ కక్కుర్తి పడలేదా? పేరున్న డేటాబేసు సాఫ్ట్‌వేరు మైఎస్‌క్యూఎల్‌లో సెట్ అని ఒక రకం గడి ఉంది, ఒకే గడిలో 64 విలువల దాకా పట్టిస్తుంది. కాకపోతే ఏ విలువలోనూ కామా ఉండకూడదట. మైక్రోసాఫ్ట్ వాళ్ల డేటాబేసు యాక్సెస్ 2007లో అయితే ఒకే గడిలో ఎన్ని టిక్కులైనా పెట్టుకునే వీలు తెచ్చారు. తీరా చూస్తే లోలోపల కంటికి కనపడని టేబుల్ ఒకటి పెట్టుకుని, ఒక్కో విలువనీ విడివిడిగా దాచుకుంటుంది. చేసేది శాస్త్రం, చూపించేది మూట. అంత నంగనాచితనం నాకు చేతకాదు. నాది నిఖార్సైన మూట.

రబీ వచ్చింది. శనగ విత్తనాలు పంచాలి, శనగ రైతుల జాబితా కావాలన్నారు. గడిలో ఎక్కడైనా సరే 'శనగ' అన్న మాటుంటే పట్టుకురమ్మని కంప్యూటర్‌కి చెప్పాను. పట్టుకొచ్చింది. వేరుశనగ వేసిన ప్రతి ఒక్కణ్నీ పట్టుకొచ్చింది. దాని తప్పేముంది? వేరుశనగలో శనగ లేదా? అదే ఊపులో జొన్న రైతుల్ని అడిగితే మొక్కజొన్న వాళ్లొచ్చారు, వరి అడిగితే వరిగలవాళ్లు వచ్చారు. తెలుగు భాషలో ఇంత చుట్టరికం ఉందని నాకు ఏ వ్యాకరణం చెప్పలేదు.

గడికీ, వెతికే మాటకీ కూడా అటూ ఇటూ కామాలు తగిలించి వెతికాను. ఒక పూట పనిచేసింది. అప్పటికే 'ఇతరములు' అని నేను వదిలిన ఖాళీ గడిలో జనం పప్పుశనగ, శనగలు, బుడ్డలు, చెనక్కాయ అని ఎవరి ఇంటిభాష వాళ్లు రాసుకుపోయారు. కొందరు కామా తర్వాత జాగా వదిలారు. అచ్చుతప్పుల్లేకుండా రాయడం బళ్లో నేర్పుతారు కానీ, దాని దుష్ఫలితం ఇదని ఎవరూ హెచ్చరించరు.

విస్తీర్ణం సంగతి ఇంకా గొప్పది. అయిదెకరాల రైతు, గడిలో మూడు పంటలు. వేరుశనగ ఎన్ని ఎకరాలు? అయిదు. కంది? అయిదు. అలసంద? అదీ అయిదే. మొత్తం పదిహేను. ఇలా అందరివీ కూడితే, మండలంలో ఉన్న భూమి కంటే పంట వేసిన భూమి ఎక్కువ తేలింది. బోరు వెయ్యకుండా, చెట్టు కొట్టకుండా ఇంత భూమి సృష్టించినవాడికి ఏదో ఒక పురస్కారం రావాలి. రాలేదు. వివరణ కోరుతూ కాగితం వచ్చింది.

మా దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి ఒకతి, ఇదంతా వారం రోజులు మౌనంగా చూసి, ఒకరోజు టీ తాగుతూ అంది: "సార్, మధ్యలో ఇంకో టేబుల్ పెడితే అయిపోతుంది కదా."

రైతులకొక టేబుల్, పంటలకొక టేబుల్, మధ్యలో ఫలానా రైతు ఫలానా పంట వేశాడని వరుసకొక జతగా రాసుకునే మూడోది. మూడు పంటలైతే మూడు వరుసలు, తొమ్మిదైతే తొమ్మిది. మాటలు కాకుండా పంట నంబరు ఉంటుంది కాబట్టి శనగకీ వేరుశనగకీ చుట్టరికం ఉండదు. ఆ వరుసలోనే ఎన్ని ఎకరాలు, ఎప్పుడు విత్తారు అన్నవీ రాసుకోవచ్చు. అంతరపంటైతే అయిదెకరాల్లో ఏ పంట వాటా ఎంతో కూడా అక్కడే తేలుతుంది. కామాకి అటూ ఇటూ అంత చోటు లేదు.

నేను ఒప్పుకోలేదు. అటు పెళ్లికూతురి వైపూ కాక, ఇటు పెళ్లికొడుకు వైపూ కాక, ఇద్దరి జాతకాలూ సంచిలో పెట్టుకు తిరిగే పెళ్లిళ్ల పేరయ్యలాంటి టేబుల్ అది. రైతుకీ పంటకీ మధ్య దళారులు వద్దని దేశమంతా మొత్తుకుంటుంటే, డేటాబేసులో మనమే దళారిని నిలబెడతామా? "సార్, ఒక్కరోజు పని" అంది. అదే కదా నా బాధ. ఒక్కరోజులో అయ్యే పనిని ఇన్ని నెలలు చెయ్యకుండా ఎందుకున్నావని అడిగితే ఏం చెప్పను?

ఈలోగా శనగ విత్తనాలు పంచేశారు. వేరుశనగ తప్ప ఎన్నడూ మరొకటి వెయ్యని పెద్దాయన ఒకరు సంచీ భుజాన వేసుకుని కార్యాలయానికి వచ్చారు.

"నేను శనగ వెయ్యను కదా సామీ, నా పేరెట్లొచ్చె?"

"కంప్యూటర్లో ఉంది పెద్దాయనా" అన్నాడు కుర్రాడు.

ఆయన కాసేపు కంప్యూటర్ వంక చూసి, సంచీ తీసుకుని వెళ్లిపోయారు. చెరువు వెనకాల ఎకరం నల్లరేగడి చెక్క ఉందట, దాంట్లో చల్లారట. ఫిబ్రవరిలో ఆఫీసరుగారు స్వయంగా పొలాలు చూడ్డానికి వెళ్లి, జాబితాలో ఆ పేరు దగ్గర 'సరిచూడబడినది' అని సంతకం పెట్టి వచ్చారు.