అమ్మ ఫోన్ ఎవరిది?

మొన్న ఫిబ్రవరిలో ఒక పెద్దావిడ మా షాపుకి వచ్చారు. రాజోలులో నాది చిన్న రిపేర్ షాపు. ఆవిడది నర్సాపురం. రేవులో పంటు ఎక్కి, వశిష్ఠ గోదావరి దాటి, సఖినేటిపల్లిలో దిగి, ఆటో పట్టుకుని వచ్చారు. చేతిసంచీలోంచి తువ్వాలు మూట తీసి, మడతలు విప్పి, లోపలున్న ఫోన్ నా బల్ల మీద పెట్టారు. డల్లాస్‌లో ఉన్న అబ్బాయి రెండేళ్ళ కిందట తెచ్చిచ్చిన ఫోనట. ఒక్క గీత పడలేదు.

“ఫోటోలు మసగ్గా వస్తున్నాయి బాబూ. అద్దం పోయిందేమో చూడండి.”

అద్దానికేం కాలేదు. వాళ్ళాయన కాలం చేసి ఎనిమిది నెలలైంది. చివరి సంక్రాంతికి ఆయన అరుగు మీద కూర్చుని చెరుకు తింటున్న ఫోటో ఉంది అందులో. చిన్నగా ఉన్నప్పుడు బాగానే ఉంది. రెండు వేళ్ళతో పెద్దది చేస్తే మొహం నీళ్ళలో చూసినట్టు చెదిరిపోతోంది. సంగతి నాకు వెంటనే అర్థమైంది. ఫోన్‌లో చోటు మిగల్చడానికి అసలు ఫోటోలన్నీ క్లౌడ్‌లోకి, అంటే కంపెనీ కంప్యూటర్లలోకి, వెళ్ళిపోయాయి. ఫోన్‌లో మిగిలినవి చిన్న నకళ్ళు. అప్‌డేట్ అయిన దగ్గర్నుంచి, అసలువి దింపాలంటే అది పాస్‌వర్డ్ అడుగుతోంది. అకౌంట్ అబ్బాయి పేరు మీద ఉంది, పాస్‌వర్డ్ అబ్బాయికి తెలుసు, ఓటీపీ వెళ్ళేది అబ్బాయి నంబరుకి. ఇక్కడ పొద్దున్న 11:30, అక్కడ అర్ధరాత్రి.

ఫోన్ చేద్దామా అని అడిగాను.

“వద్దు బాబూ, లేపకండి. పొద్దున్నే డ్యూటీకి వెళ్ళాలి వాడు. నేను మళ్ళీ వస్తాలెండి” అని ఫోన్‌ని మళ్ళీ తువ్వాల్లో చుట్టుకున్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అలాంటి తలుపులు కట్టడమే ఏడేళ్ళపాటు నా ఉద్యోగం.

అమెరికాలో ఉన్న మీలో చాలామందికి నేను తెలుసు. మన ఉగాది ఫంక్షన్లలో మైకులు, ప్రొజెక్టర్ చూసుకునేవాణ్ణి. 2003లో న్యూజెర్సీ వచ్చాను, 19 ఏళ్ళు సాఫ్ట్‌వేర్‌లో పనిచేశాను. చివరి ఏడేళ్ళు లాగిన్ వ్యవస్థలు రాశాను. మనిషి ఎవరో ఎలా తేల్చుకోవాలి, పాస్‌వర్డ్ మర్చిపోతే ఏ నంబరుకి కోడ్ పంపాలి, ఎన్నిసార్లు తప్పు కొడితే మూసెయ్యాలి, ఇదీ పని. శ్రద్ధగా చేశాను. మేం రాసేటప్పుడు మా మనసులో ఉన్న మనిషికి ఒక ఫోన్, ఒక నంబరు, ఒక ఈమెయిల్ ఉండేవి, అన్నీ తనవే. ఫోన్ తల్లి చేతిలో, నంబరు కొడుకు దగ్గర, మధ్యలో పదకొండున్నర గంటల తేడా ఉండే ఇల్లు మేం గీసుకున్న డిజైన్లలో ఎక్కడా లేదు. అలాంటి ఇంటి నుంచే వచ్చిన నేను కూడా అది అడగలేదు.

గ్యాడ్జెట్ల మీద ప్రేమ మాత్రం నాకు అమెరికాలో పుట్టింది కాదు. మా ఊళ్ళో రేడియోలు బాగుచేసే బాబాయ్ దగ్గర పదేళ్ళ వయసులో సోల్డరింగ్ నేర్చుకున్నాను. సోల్డరింగ్‌లో వాడే రోజిన్ పొగ వాసన ఇప్పటికీ నాకు సెలవు రోజుల వాసనే. 2007 జూన్ 29న ఐఫోన్ మొదటిసారి అమ్మకానికి వచ్చిన రోజు నేను క్యూలో ఉన్నాను. ప్రతి రెండేళ్ళకీ కొత్త ఫోన్ కొనేవాణ్ణి. పాతది ఇండియా వెళ్ళేటప్పుడు నాన్నకి పట్టుకెళ్ళేవాణ్ణి. ఆయన్ని బాగా చూసుకుంటున్నాననే నమ్మాను.

2022 జూలైలో గోదారొచ్చింది. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద అది. లంక ఊళ్ళన్నీ నీళ్ళలో ఉన్నాయి. మా ఇంటి వీధి గుమ్మం దగ్గర నేను పెట్టించిన కెమెరా నా ఫోన్‌లో ‘ఆఫ్‌లైన్’ అని ఒక్క మాట చూపిస్తూ కూర్చుంది. నేనిచ్చిన స్మార్ట్‌ఫోన్ రెండో రోజుకి చచ్చిపోయింది. మూడో రోజు నాన్న మాట్లాడింది నోకియా 1100తో. 2003లో వచ్చిన మోడల్ అది, ప్రపంచమంతా కలిపి 25 కోట్లకి పైగా అమ్ముడుపోయింది. పైన చిన్న టార్చ్, లోపల బీఎల్-5సీ బ్యాటరీ. బొటనవేలితో వెనక మూత నొక్కి లాగితే బ్యాటరీ చేతిలోకి వస్తుంది. నాన్న రెండో బ్యాటరీ నింపి ప్లాస్టిక్ కవర్లో కట్టి దూలానికి వేలాడదీశారట. ఆ బ్యాటరీ ఇప్పటికీ మా దగ్గర కిరాణా కొట్లో కూడా దొరుకుతుంది.

సెలవు పెట్టి వచ్చినవాణ్ణి తిరిగి వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదని అందరూ అడుగుతారు. నాన్న ఆరోగ్యం ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం, ఇక్కడ నా చేతులకి పని కనిపించింది. ఆ పని గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

మలికిపురం, సఖినేటిపల్లి, అంతర్వేది వైపు వెళ్తే రొయ్యల చెరువులే. 2009లో వనామీ అనే విదేశీ రొయ్యని మన దేశంలోకి అనుమతించాక ఈ సాగు ఊపందుకుంది. (పక్క పొలాలు ఉప్పుబారుతున్నాయన్న బాధ నాకూ ఉంది. దాని గురించి విడిగా రాయాలి.) చెరువులో రైతుని భయపెట్టేది ఆక్సిజన్. పగలు నీళ్ళలోని నాచు ఎండతో ఆక్సిజన్ తయారుచేస్తుంది. రాత్రి అదే నాచు ఆక్సిజన్ పీల్చుకుంటుంది. అందుకని తెల్లవారుజామున బాగా పడిపోతుంది. మబ్బు పట్టిన రోజు మరీను. లీటరుకి 3 మిల్లీగ్రాముల కంటే తగ్గితే రొయ్యకి ప్రమాదం. ఏరేటర్లు, అంటే నీళ్ళలోకి గాలి ఎక్కించే చక్రాలు, ఎప్పుడు వెయ్యాలో తెలుసుకోడానికి చాలామంది ఆక్సిజన్ కొలిచే మీటర్లు కొన్నారు.

2023లో ఒక రాత్రి 3 గంటలకి వరసకి మావయ్యయ్యే రైతు ఫోన్ చేశాడు. “అల్లుడూ, మీటరు ఆరు పాయింట్ ఎనిమిది చూపిస్తోంది. రొయ్య చూస్తే గట్టుకొచ్చేసింది. ఏది నమ్మమంటావ్?” రొయ్యని నమ్ము, అన్ని చక్రాలూ తిప్పెయ్ అని చెప్పి బండి తీశాను. గట్టు మీద టార్చ్ వెలుగులో మీటరు ప్రోబ్, అంటే నీళ్ళలో ముంచే కొస, విప్పాను. దాని చివర ఒక మూత, మూతకి ఉల్లిపొర కంటే పల్చని పొర, మెంబ్రేన్ అంటారు. లోపల ద్రవం సగానికి పైగా ఇంకిపోయి, మెంబ్రేన్ కింద గాలి బుడగ చేరింది. ఆ మీటరు నీళ్ళలో ఆక్సిజన్ బదులు ఆ బుడగని కొలుస్తోంది. పాత ద్రవం పారబోసి, కొత్తది అంచు దాకా నింపి, బుడగ రాకుండా మూత బిగించి, తడిగుడ్డ చుట్టి గాలిలో 100 శాతానికి సరిచేసి, నీళ్ళ ఉప్పదనం కూడా ఎక్కించి మళ్ళీ చెరువులో ముంచాను. అప్పటికి ఏరేటర్లు అరగంట పైగా తిరిగాయి. అయినా 3.1.

ఐదు నిమిషాల పని అది. స్పేర్ మూతలు, ద్రవం సీసా మీటరు పెట్టెలోనే ఉన్నాయి. అమ్మినవాళ్ళు చెప్పలేదు, పుస్తకం ఇంగ్లీషులో ఉంది. మావయ్య తొమ్మిది నెలలుగా దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచి, పూజసామాన్లలా జాగ్రత్తగా పెట్టుకున్నాడు, లోపల ఏముందో తెలియకుండా. ఆ తెల్లవారే ఆయన చేతే రెండుసార్లు విప్పించి బిగింపించాను. మొదటిసారి బుడగ వచ్చింది, రెండోసారి రాలేదు. ఇప్పుడు ఆయన మీటరు వెనక మార్కర్‌తో రాసి ఉంటుంది: ‘15 రోజులకోసారి నీళ్ళు మార్చాలి’. చుట్టుపక్కల రైతులు ఆయన దగ్గరికే వెళ్తున్నారు, నా దగ్గరికి రావడం తగ్గించారు. నా 19 ఏళ్ళ ఉద్యోగంలో అంత తృప్తి ఎప్పుడూ దొరకలేదు.

ఇంతకీ మీకు చెప్పదలుచుకున్నది ఇదే. మనం మన ఇళ్ళకి వస్తువులు పంపుతున్నాం, తాళాలు మన దగ్గర ఉంచుకుంటున్నాం. పాస్‌వర్డ్ మనది, భాష మనం వాడేది, రిపేర్ మనుషులు మనం ఉంటున్న ఊళ్ళో ఉన్నవాళ్ళు. అమ్మ చేతిలో ఉన్నది పేరుకే అమ్మది.

నా బల్ల మీదికి వచ్చేవి చూస్తే మీకూ అర్థమవుతుంది. బీరువా మీద ఏడాదంతా ఛార్జర్‌కి తగిలించి ఉంచిన ట్యాబ్ వస్తుంది, వెనక మూత ఉబ్బి. అమ్మానాన్నలకి అది పాడవుతుందని భయం, అందుకే తియ్యరు. లిథియం బ్యాటరీకి నిండా ఛార్జ్‌లో, వేడిలో ఏళ్ళ తరబడి ఉండటమే పెద్ద శత్రువు. మామూలుగా ఫోన్ కంపెనీలు 35 డిగ్రీల లోపు వాడమంటాయి, మన మే నెల మధ్యాహ్నాలు దాన్ని దాటిపోతాయి. ఉబ్బిన బ్యాటరీ మంట అంటుకోగలదని ఆ ఇంట్లో ఎవరూ చెప్పి ఉండరు. తర్వాత మనం వాడి ఇచ్చిన పాత ఫోన్లు. వాటికి సెక్యూరిటీ అప్‌డేట్‌లు ఆగిపోయి ఉంటాయి. ఒకరోజు డబ్బులు పంపే యాప్ ఇక ఈ ఫోన్‌లో పనిచెయ్యనంటుంది. పాలవాడికి డబ్బులివ్వలేక అమ్మ పక్కింటి పిల్లాణ్ణి పిలుస్తుంది.

భాష సంగతి చూడండి. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ ఉన్న ఒక తెలుగు అక్షరాల కూర్పు మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కూలిపోయాయి. కొద్ది రోజుల్లో ఐఓఎస్ 11.2.6 అనే కొత్త వెర్షన్ విడుదల చేసి ఆపిల్ వాళ్ళు సరిచేశారు. కోట్లమంది రాసే లిపిని పరీక్షించి చూసినవాళ్ళు తక్కువని ఆనాడు తెలిసింది. తప్పు వాళ్ళదే, కానీ మన వంతు కూడా ఉంది. నా దగ్గరికి వచ్చే ఫోన్లలో దాదాపు అన్నిటికీ తెలుగు మెనూ ఉంటుంది. పెట్టి ఇచ్చినవాళ్ళు మాత్రం అరుదు. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి మార్చితే నిమిషం పడుతుంది. మార్చి ఇచ్చాక వాళ్ళు తెర మీద ఒక్కో మాటా వేలు పెట్టి చదువుకోవడం చూస్తే మనసు నిండిపోతుంది.

మీ జవాబు నాకు తెలుసు. మోసగాళ్ళ భయం. పెద్దవాళ్ళ చేతికి పాస్‌వర్డ్‌లు, ఓటీపీలు ఇస్తే ఎవడో పోలీసునని ఫోన్ చేసి, ‘డిజిటల్ అరెస్ట్’ చేశామని బెదిరించి ఖాతా ఊడ్చేస్తాడు. భయం నిజమే, మా షాపుకే అలాంటి బాధితులు వచ్చారు. కానీ నా అనుభవంలో మోసపోయింది ఓటీపీని ఎప్పుడూ తమ చేత్తో వాడనివాళ్ళే. అది ఇంటి తాళంచెవి లాంటిదని తెలియనివాళ్ళు ఎవరడిగినా చదివి చెప్పేస్తారు. డిజిటల్ అరెస్ట్ అనేది మన చట్టంలో లేదు, మోసం జరిగితే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి. ఈ రెండు ముక్కలూ అమ్మకి చెప్పడానికి ఒక్క ఆదివారం కాల్ చాలు.

ప్రపంచం కూడా ఇటే కదులుతోంది. 2027 ఫిబ్రవరి 18 నుంచి యూరప్‌లో చాలా వస్తువుల బ్యాటరీని వాడేవాళ్ళే తీసి మార్చుకునేలా చెయ్యాలని చట్టం చెప్తోంది. మన ప్రభుత్వం 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ (రిపేర్ హక్కు) పోర్టల్ తెరిచింది. కాలిఫోర్నియాలో 2024 జూలై నుంచి రిపేర్ హక్కు చట్టం అమల్లో ఉంది. ఓటు హక్కున్నవాళ్ళు మీ రాష్ట్రంలో దీని గురించి అడగండి. మీరు అక్కడ గెలిపించే చట్టంతో తెరిచే రిపేర్ మాన్యువల్ ఇక్కడ రాజోల్లో నాకూ తెరుచుకుంటుంది.

ఈసారి సంక్రాంతికి వచ్చేటప్పుడు కొత్త పెట్టె తేవద్దు. ఇంట్లో ఉన్నవాటితో ఒక పూట కూర్చోండి. అకౌంట్ అమ్మ పేరు మీదికి, ఓటీపీ అమ్మ నంబరుకి మార్చండి. రికవరీ నంబరుగా మాత్రం మీది ఉంచండి. తెలుగు పెట్టండి. ఏది కొనాలన్నా ముందు ఆ ఊరి మెకానిక్‌కి ఫోన్ చేసి, దీనికి బ్యాటరీ దొరుకుతుందా, నువ్వు విప్పగలవా అని అడగండి. విప్పలేనంటే కొనకండి, ఎంత అందంగా ఉన్నా సరే.

నర్సాపురం ఆవిడ వారం తర్వాత సాయంత్రం పూట వచ్చారు. 7:30కి డల్లాస్‌కి వీడియో కాల్ చేశాం. అబ్బాయి మంచివాడు. సంగతి విని చాలాసేపు మాట్లాడలేకపోయాడు. ఆఫీసుకి గంట ఆలస్యంగా వస్తానని చెప్పి మాతోనే కూర్చున్నాడు. ఆవిడ పేరు మీద కొత్త అకౌంట్ తెరిచాం. ఫోటోలన్నీ ఫోన్‌లోకే దింపి, ఒక పెన్‌డ్రైవ్‌లో కూడా వేసిచ్చాను. చెరుకు ఫోటో తెరిచి పెద్దది చేశారు. ఈసారి మొహం చెదరలేదు. గడ పట్టుకున్న వేలికి ఉన్న ఉంగరం మీద రాయి కూడా కనిపించింది. ఆవిడ దాన్ని వేలితో ఒకసారి తాకారు.

పాస్‌వర్డ్ ఆలోచించుకోడానికి చాలాసేపు పట్టింది. నేను అటు తిరిగి నిలబడ్డాను. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టి, పాల లెక్క రాసే నోటుబుక్కు అట్ట లోపలి వైపు రాసుకుని, సంచీలో పెట్టుకున్నారు.

“ఏం పెట్టావమ్మా?” అని అడిగాడు అబ్బాయి.

ఆవిడ చెప్పలేదు.